శిబ్‌పూర్‌లో ఆగిన చదువు, షికాగోలో లేచిన మేడ: ఇంజినీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్

కోల్‌కతాలో హుగ్లీ మీద ఉన్న హౌరా వంతెన రెండు టవర్ల మధ్య దూరం 457 మీటర్లు. షికాగోలో ఒకప్పుడు సియర్స్ టవర్‌గా, ఇప్పుడు విల్లిస్ టవర్‌గా పిలుస్తున్న మేడ ఎత్తు 442 మీటర్లు. ఆ మేడను తెచ్చి హుగ్లీ మీద అడ్డంగా పడుకోబెడితే రెండు టవర్లకు ఆనదు, పదిహేను మీటర్లు తక్కువవుతుంది. ఇదొక సరదా లెక్క. అయితే ఈ రెండు కట్టడాలనూ కలిపి తలుచుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ షికాగో మేడ నిలబడే పద్ధతిని ఆలోచించిన మనిషి తన ఇంజినీరింగ్ చదువును మొదలుపెట్టింది ఈ వంతెనకు కొద్ది మైళ్ళ దూరంలో, నదికి హౌరా వైపున ఉన్న శిబ్‌పూర్‌లో. ఆ చదువును అక్కడ పూర్తి చేయలేకపోయాడు. కారణం మార్కులు కాదు, ఫీజులు కాదు. 1950 నాటి మత ఘర్షణలు.

ఆయన పేరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. ప్రపంచంలో ఇవాళ ఎక్కడ వంద అంతస్తుల మేడ లేచినా దాని లెక్కల్లో ఎక్కడో ఒకచోట ఆయన ఆలోచన ఉంటుంది. బంగ్లాదేశ్ ఆయన్ను తన వాడిగా చెప్పుకుంటుంది. అమెరికా తన వలస ఇంజినీర్లలో ముందు వరుసలో నిలబెడుతుంది. కోల్‌కతా మాత్రం ఆయన జీవిత చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. ఆ వాక్యాల దగ్గర కాస్త ఆగడం అవసరం అనిపిస్తుంది.

శిబ్‌పూర్ రోజులు

ఖాన్ 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. కుటుంబం అప్పటి ఫరీద్‌పూర్ జిల్లాలోని భండారికాంది అనే ఊరిది. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ లెక్కల మాస్టారు. పాఠ్యపుస్తకాలు రాశారు, విద్యాశాఖలో పెద్ద పదవికి ఎదిగారు, ‘ఖాన్ బహదూర్’ బిరుదు పొందారు. అలాంటి ఇంట్లో పిల్లవాడికి లెక్కలు వేరే నేర్పాల్సిన పనుండదు. ఢాకాలోని ఆర్మానిటోలా ప్రభుత్వ హైస్కూల్లో చదువు అయ్యాక ఆయన శిబ్‌పూర్‌లోని బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో తూర్పు బెంగాల్ కుర్రాడు సివిల్ ఇంజినీరు కావాలంటే కలకత్తా వైపు చూడటం సహజం. ఢాకా, కలకత్తా అప్పటికి ఒకే రాష్ట్రంలోని రెండు నగరాలు.

ఆ కాలేజీకి పెద్ద చరిత్రే ఉంది. 1856లో కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో మొదలైంది. కొన్నేళ్ళు ప్రెసిడెన్సీ కాలేజీలో భాగంగా నడిచి, 1880లో నది దాటి శిబ్‌పూర్‌లోని పాత బిషప్స్ కాలేజీ ప్రాంగణానికి మారింది. 2014 నుంచి దాన్ని ఐఐఈఎస్‌టీ శిబ్‌పూర్ అంటున్నారు. బ్రిటిష్ ప్రభుత్వానికి రోడ్లు, కాలువలు, రైల్వేలు కట్టే ఇంజినీర్లను తయారుచేయడానికి పుట్టిన సంస్థ ఇది.

కాలేజీకి ఆనుకునే బొటానికల్ గార్డెన్ ఉంది. అందులో పేరుమోసిన మహావటవృక్షం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినో, అనంతపురం వైపు తిమ్మమ్మ మర్రిమానునో చూసినవాళ్ళకు దాన్ని కొత్తగా వర్ణించక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆ చెట్టుకు అసలు మాను లేదు. 1864, 1867 తుఫానుల్లో దెబ్బతిని, బూజు తెగులు పట్టిన మూల కాండాన్ని 1925లో తొలగించారు. అయినా చెట్టు వేల ఊడల మీద నిలబడి ఇంకా విస్తరిస్తూనే ఉంది. మధ్యలో బలమైన దిమ్మ లేకపోయినా, బరువును చుట్టూ ఉన్న కాళ్ళు పంచుకుంటే చాలునని అది రోజూ చూపిస్తుంది. ఖాన్ ఆ చెట్టును చూసి తన సిద్ధాంతం కనిపెట్టారని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను. కాలేజీ పక్కనే ఉన్న ఆ చెట్టుకూ, పదిహేనేళ్ళ తర్వాత ఆయన గీసిన మేడలకూ ఉన్న పోలిక చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది.

1947లో దేశ విభజన జరిగింది. కాలేజీ ఒక దేశంలో, ఇల్లు మరో దేశంలో పడ్డాయి. అయినా ఆయన చదువు కొనసాగించారు. 1950 మొదటి నెలల్లో తూర్పు బెంగాల్‌లో హిందువుల మీద దాడులు జరిగాయి. వాటికి ప్రతిగా కలకత్తా, హౌరాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లక్షల మంది సరిహద్దు దాటారు. ఏప్రిల్‌లో నెహ్రూ, లియాఖత్ అలీ ఖాన్ అల్పసంఖ్యాకుల రక్షణ కోసం ఒప్పందం మీద సంతకాలు చేసే నాటికి చాలామందికి ఆలస్యమైపోయింది. ఆ వెళ్ళిపోయినవాళ్ళలో చదువు చివరికొచ్చిన ఈ కుర్రాడూ ఒకడు. ఢాకా చేరి అహ్సానుల్లా ఇంజినీరింగ్ కాలేజీలో (నేటి బంగ్లాదేశ్ ఇంజినీరింగ్ విశ్వవిద్యాలయం దాని నుంచే ఎదిగింది) మిగిలిన చదువు ముగించి, తరగతిలో మొదటివాడిగా పట్టా తీసుకున్నారు.

ఇక్కడొక మాట. వలస గురించి మాట్లాడేటప్పుడు మనం విమానాశ్రయం నుంచే కథ మొదలుపెడతాం. వీసా, స్కాలర్‌షిప్, మొదటి మంచు. ఖాన్ విషయంలో అసలు వలస అమెరికాకు కాదు. హుగ్లీ ఒడ్డు నుంచి బుడిగంగ ఒడ్డుకు, తన సొంత భాష మాట్లాడే నేల మీదే, రాత్రికి రాత్రి పరాయివాడై చేసిన ప్రయాణం అది. అమెరికా రెండోది.

వెళ్ళడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం

ఢాకాలో కొంతకాలం రహదారుల శాఖలో పనిచేసి, తను పట్టా పొందిన కాలేజీలోనే పాఠాలు చెప్పారు. 1952లో ఆయనకు ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పూ, పాకిస్తాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ రెండూ ఒకేసారి దక్కాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, అర్బానాలో చేరి మూడేళ్ళలో రెండు మాస్టర్స్ డిగ్రీలూ ఒక పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1955లో షికాగోలోని ‘స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్’ అనే ఆర్కిటెక్చర్ సంస్థలో ఉద్యోగం. దాన్ని అందరూ ఎస్‌ఓఎం అంటారు.

చాలామంది వలస కథలు ఇక్కడి నుంచి సూటిగా పైకి పోతాయి. ఖాన్ కథ అలా పోలేదు. 1957లో ఆయన స్వదేశానికి తిరిగి వెళ్ళిపోయారు. కరాచీ అభివృద్ధి సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు పదవి. మన లెక్కలో చూస్తే మంచి హోదా, కారు, కింద పనిచేసే జనం. కానీ ఫైళ్ళు, పాలనా వ్యవహారాలే తప్ప డిజైన్ చేయడానికి తీరిక దొరకలేదు. పెద్ద కుర్చీలో కూర్చుని చేతిలో పెన్సిల్ లేకపోతే ఏమిటి లాభం అనుకున్నారేమో, 1960లో ఎస్‌ఓఎంకే తిరిగి వచ్చేశారు. మనవైపు నుంచి వెళ్ళిన ఎందరో ఇంజినీర్ల ఇళ్ళలో ఈ అధ్యాయం ఉంటుంది. ఒకసారి వెనక్కి వచ్చి, ఇక్కడి ఆఫీసుల్లో ఇమడలేక, ఎవరికీ పెద్దగా చెప్పుకోకుండా మళ్ళీ బయల్దేరిన అధ్యాయం. ఆయన 1966లో ఆ సంస్థలో భాగస్వామి అయ్యారు, 1967లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు.

ఎత్తుకు కట్టే సుంకం

ఇల్లు కట్టేవాళ్ళు మేస్త్రీని అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: చదరపు అడుగుకు ఇనుము ఎంత పడుతుంది? ఖాన్ జీవితమంతా అడిగింది కూడా ఇదే ప్రశ్న. కాకపోతే వంద అంతస్తుల మేడ గురించి అడిగారు.

మేడ ఎత్తు పెరిగేకొద్దీ దాని సొంత బరువు మోయడం పెద్ద సమస్య కాదు. అంతస్తులు రెట్టింపైతే బరువు సుమారు రెట్టింపవుతుంది, అంతే. అసలు సమస్య గాలి. నేలలో పాతిన కర్రను పక్క నుంచి నెట్టినట్టు గాలి మేడను వంచుతుంది. ఒకే మందం ఉన్న కర్ర ఎత్తు రెట్టింపైతే, అంతే గాలికి అది పైన ఊగే దూరం పదహారు రెట్లవుతుంది. దీన్ని ఆపడానికి పాత పద్ధతిలో లోపలంతా పిల్లర్లు, బీములు లావు చేస్తూ పోవాలి. కొంత ఎత్తు దాటాక ప్రతి అదనపు అంతస్తుకూ దాని విలువకు మించిన ఉక్కు కుమ్మరించాలి. ఖాన్ దీన్ని ఎత్తు కోసం కట్టే అదనపు సుంకంగా చూశారు. ఆ సుంకాన్ని తగ్గించడమే ఆయన పని.

ఆయన చూపిన దారి చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. ఒక కాగితాన్ని నిలువుగా నిలబెట్టండి, పడిపోతుంది. అదే కాగితాన్ని గొట్టంలా చుట్టి నిలబెట్టండి, మీద పుస్తకం పెట్టినా ఓర్చుకుంటుంది. కాగితం పెరగలేదు, పదార్థం ఉన్న చోటు మారింది. మేడ లోపల చెల్లాచెదురుగా ఉండే పిల్లర్లను బయటి గోడ వరుసలోకి తెచ్చి, దగ్గర దగ్గరగా నిలిపి, బలమైన దూలాలతో కలిపితే మేడ మొత్తం నేలలో పాతిన ఒక పెద్ద గొట్టంలా గాలిని ఎదుర్కొంటుంది. షికాగోలో 1960ల మధ్యలో పూర్తయిన డెవిట్-చెస్ట్‌నట్ అపార్ట్‌మెంట్లు ఈ పద్ధతిలో కాంక్రీటుతో కట్టిన తొలి మేడ. అంతకుముందే, 1964లో, కాంక్రీటు గోడలూ ఫ్రేములూ కలిసి గాలిని ఎలా పంచుకుంటాయో లెక్కగట్టే పద్ధతిని జాన్ స్బరూనిస్‌తో కలిసి ప్రచురించారు. సివిల్ ఇంజినీరింగ్ చదివిన మనవాళ్ళలో కొందరికి ‘ఖాన్–స్బరూనిస్’ పట్టికలు పరీక్షల కోసమైనా గుర్తుండే ఉంటాయి. ఆ ఖాన్ ఈ ఖానే.

తర్వాత జాన్ హాన్‌కాక్ సెంటర్. వంద అంతస్తులు, 344 మీటర్లు, 1969లో పూర్తయింది. కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్ళు. కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడే ఆ మేడ నాలుగు వైపులా బయటికే కనబడేట్టు పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లాంటి ఉక్కు దూలాలు వేశారు. అవి అలంకారం కాదు. గాలి భారాన్ని అటూ ఇటూ పంచుతూ కిందికి దించే కాళ్ళు అవే. ఇప్పుడు లెక్క చూడండి. 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు అడుగుకు సుమారు 19 కిలోల ఉక్కు పట్టింది. దాదాపు అన్నే అంతస్తులున్న హాన్‌కాక్‌కు పదమూడున్నర కిలోలు సరిపోయాయి. ఇంకా ఎత్తైన సియర్స్ టవర్‌కు పదిహేను. మేడ కట్టించే కంపెనీకి ఇది డబ్బు. ఖాన్‌కు మాత్రం పదార్థాన్ని వృథా చేయకపోవడం అన్నది ఇంజినీరు నీతిలో భాగం. కరువులూ కొరతలూ తెలిసిన నేల మీద పెరిగిన మనిషి ఆలోచన అది అని నాకనిపిస్తుంది.

హాన్‌కాక్ పనిలోనే నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మేడ ఎంత ఊగినా కూలకపోవడం ఒక విషయం. పైన ఇల్లు కొనుక్కున్న మనిషికి రాత్రి మంచం మీద పడుకుంటే కళ్ళు తిరగకపోవడం మరో విషయం. మనుషులు ఎంత ఊపును పట్టించుకోరు, ఎంతకు భయపడతారు? దీనికి అప్పట్లో పుస్తకాల్లో సరైన జవాబు లేదు. షికాగో సైన్స్ మ్యూజియంలో వాషింగ్ మెషీన్ పనితీరును చూపించడానికి పెట్టిన కదిలే వేదిక అప్పట్లో ఒకటుండేది. ఖాన్ దాని మీదికి కొందరిని ఎక్కించి, నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, ఎప్పుడు కదలిక తెలుస్తోందో చెప్పమన్నారు. వంద అంతస్తుల లెక్కల మధ్య, ఆఖరి అంతస్తులో నిద్రపోయే మనిషిని తలుచుకున్న ఇంజినీరు ఆయన. సాంకేతికుడు తన సాంకేతికతలోనే తప్పిపోకూడదనీ, జీవితమంటే కళ, నాటకం, సంగీతం, అన్నిటికన్నా ముందు మనుషులనీ ఆయన చెప్పిన మాట ప్రసిద్ధం. ఇలాంటి పని చేసినవాడు చెబితే ఆ మాటకు బరువుంటుంది.

సియర్స్ టవర్ ఆలోచన పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహమ్ భోజనాల బల్ల దగ్గర కొన్ని సిగరెట్లు గుప్పిట్లో పట్టుకుని, ఒకటి పైకి, ఒకటి కిందికి జరిపి, ఇలా కట్టొచ్చా అని ఖాన్‌ను అడిగారట. కట్టొచ్చన్నారు ఖాన్. ఒక్కొక్కటి 23 మీటర్ల చదరపు గొట్టాలు తొమ్మిది. మూడేసి చొప్పున మూడు వరుసలు. రెండు యాభయ్యో అంతస్తు దగ్గర ఆగిపోతాయి, రెండు అరవై ఆరు దగ్గర, మూడు తొంభై దగ్గర, మిగిలిన రెండే నూట పదికి చేరతాయి. ఒకదాన్నొకటి పట్టుకున్న గొట్టాలు కనక ఏదీ ఒంటరిగా ఊగదు. 1998లో కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్లు వచ్చేదాకా పాతికేళ్ళ పాటు ప్రపంచంలో అదే ఎత్తైన భవనం.

గ్రాహమ్ కూడా కొలంబియాలో పుట్టినవారే. ఖాన్ పక్కన పనిచేసిన ముఖ్య ఇంజినీర్లలో భారత్ నుంచి వెళ్ళిన శ్రీనివాస అయ్యంగార్ ఉన్నారు. ఆఫీసులో ఆయన్ను ‘హాల్’ అనేవారు. భారత్, పాకిస్తాన్ 1965లో ఒకసారి, 1971లో ఒకసారి యుద్ధం చేస్తున్నప్పుడు ఈ ఇద్దరూ ఒకే గదిలో ఒకే మేడ లెక్కలు చూసుకునేవారు.

1971

ఆ ఏడాది సియర్స్ టవర్ ఉక్కు పైకి లేస్తోంది. ఖాన్ పేరు అమెరికన్ నిర్మాణ రంగమంతటా మోగుతోంది. మరుసటి ఏడాది ‘ఇంజినీరింగ్ న్యూస్-రికార్డ్’ పత్రిక ఆయన్ను ఆ ఏటి మేటి వ్యక్తిగా ఎంచుకుంటుంది కూడా. సరిగ్గా అప్పుడే మార్చిలో తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం జనం మీద విరుచుకుపడింది. అమెరికాలో నిక్సన్ ప్రభుత్వం పాకిస్తాన్ సైనిక పాలకుల వైపే మొగ్గింది. పౌరసత్వం వచ్చి నాలుగేళ్ళే అయిన వలస మనిషి, పెద్ద కంపెనీలో భాగస్వామి, ఇలాంటప్పుడు నోరు మూసుకుని తన పని తను చూసుకోవడం లోకరీతి. ఖాన్ అలా చేయలేదు. షికాగోలోని బెంగాలీలను కూడగట్టి, బంగ్లాదేశ్ ఎమర్జెన్సీ వెల్ఫేర్ అప్పీల్ పేరుతో సహాయ నిధి సేకరించారు. బంగ్లాదేశ్ డిఫెన్స్ లీగ్ ద్వారా అమెరికా ప్రజాప్రతినిధుల మీద ఒత్తిడి తెచ్చే పనికి నాయకత్వం వహించారు.

అదే సమయంలో కలకత్తా ఏం చేస్తోందో చూడండి. సరిహద్దు దాటి భారత్‌కు వచ్చిన శరణార్థులు కోటి వరకు ఉన్నారు. వాళ్ళలో అత్యధికులు పశ్చిమ బెంగాల్‌లోనే. అప్పటికి ఇంకా ఖాళీగా ఉన్న సాల్ట్ లేక్ ప్రాంతంలో పెద్ద శిబిరం వెలిసింది. కొత్త డ్రైనేజీ కోసం తెచ్చిన సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం కలకత్తా థియేటర్ రోడ్డులోని ఒక ఇంటి నుంచి నడిచింది. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక తూర్పు బెంగాలీ విద్యార్థి మతం పేరుతో వదిలివెళ్ళాల్సి వచ్చిన నగరం, ఇప్పుడు అతని ప్రజలకు హిందువని ముస్లిమని చూడకుండా నీడనిచ్చింది. ఈ రెండూ ఒకే నగరం చేసిన పనులు. ఏదో ఒకటి చెప్పి రెండోది దాటవేయడం సులువు.

ఇల్లు

ఖాన్ ఇంటి గురించి బయటికి తెలిసినది కొద్దిగానే. భార్య లీసెలోటే ఆస్ట్రియా నుంచి వలస వచ్చినవారు. 1960లో కూతురు యాస్మిన్ పుట్టింది. ఇంట్లో ఒకరి మాతృభాష జర్మన్, ఇంకొకరిది బెంగాలీ. ఆయన తీరిక వేళల్లో రవీంద్రుడి పాటలు బెంగాలీలోనే పాడుకునేవారు. జొరాసాంకోలో పుట్టిన పాట మిషిగన్ సరస్సు ఒడ్డున ఒక ఇంజినీరు గొంతులో బతికిందన్నమాట. రవీంద్ర సంగీతం విషయంలో బెంగాలీలకు సరిహద్దు లేదు. 1960ల్లో పాకిస్తాన్ పాలకులు రేడియోలో ఆ పాటల్ని అణచబోతే ఢాకా వీధుల్లోకి వచ్చింది.

కూతురు తండ్రి దారిలోనే స్ట్రక్చరల్ ఇంజినీరు అయ్యింది. ఆయన పోయిన ఇరవై రెండేళ్ళకు, 2004లో, యాస్మిన్ సబీనా ఖాన్ తండ్రి పని గురించి ఒక సవివరమైన పుస్తకం రాసింది. కూతుళ్ళు తండ్రుల గురించి రాసే పుస్తకాల్లో సాధారణంగా ప్రేమ ఎక్కువ, సంగతులు తక్కువ. ఇది అలాంటిది కాదు. ఒక్కో మేడకు ఆయన ముందున్న ప్రశ్న ఏమిటి, ఏయే దారులు చూశారు, చివరికి ఏది ఎందుకు ఎంచుకున్నారు అన్నది సాటి ఇంజినీరు రాసినట్టు రాసింది. లెక్కల మాస్టారి కొడుకు ఇంజినీరు, ఇంజినీరు కూతురు ఆ లెక్కలకు భాష్యకారిణి. మూడు తరాలు, మూడు దేశాలు. మనలో చాలామంది తండ్రుల పని ఏమిటో పిల్లలకు తెలియదు. నాన్న ఆఫీసుకు వెళ్తాడని తెలుసు, వచ్చేటప్పుడు అలసిపోయి ఉంటాడని తెలుసు. తండ్రి తన పనిని ఇంట్లో ఎంత ఇష్టంగా విప్పి చెబితే కూతురు దాన్ని అంత లోతుగా పట్టుకోగలదు! ఆయన్ను కుటుంబాన్ని ప్రేమించిన మనిషి అనడానికి ఇంతకన్నా పెద్ద ఆధారం నేనైతే వెతకను.

జెడ్డా, షికాగో

ఆఖరి పెద్ద పనుల్లో ఒకటి మేడ కాదు, గుడారం. జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికుల కోసం కట్టిన టెర్మినల్. ఏటా కొన్ని వారాల్లోనే లక్షల మంది దిగి, మక్కా ప్రయాణానికి గంటల తరబడి ఎదురుచూసే చోటు. ఎడారి ఎండకు అంత పెద్ద ఆవరణను ఏసీతో చల్లబరచడం అయ్యే పని కాదు. టెఫ్లాన్ పూత పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డతో, ఒక్కొక్కటి 45 మీటర్ల చదరం ఉన్న 210 గుడారాలను ఉక్కు స్తంభాలకు వేలాడదీశారు. వేడి గాలి గుడారం పైకొస నుంచి వెళ్ళిపోతుంది, కింద నీడ, పక్కల నుంచి గాలి. ఆర్కిటెక్ట్ గోర్డన్ బన్‌షాఫ్ట్, ఇంజినీరు ఖాన్. 1983లో దానికి ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఉక్కు మేడల మనిషి గుడ్డతో ఇంత పని చేయడం చూసి ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. నిజానికి ప్రశ్న పాతదే: తక్కువ సామానుతో ఎక్కువ మందికి ఆశ్రయం ఎలా?

ఆ అవార్డు నాటికి ఆయన లేరు. 1982 మార్చి 27న జెడ్డాలోనే గుండెపోటుతో మరణించారు. మరో వారం ఉంటే యాభై మూడు నిండేవి. షికాగో గ్రేస్‌ల్యాండ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. లూయీ సలివాన్, మీస్ వాన్ డెర్ రోహ్ వంటి ఆర్కిటెక్టుల సమాధులు ఉన్నది అక్కడే.

తర్వాత జ్ఞాపకాలు ఒక్కొక్కటే వచ్చాయి. సియర్స్ టవర్ మూల మీద వీధికి 1998లో ఆయన పేరు పెట్టారు. 1999లో బంగ్లాదేశ్ మరణానంతరం స్వాధీనతా పురస్కారం ఇచ్చి, తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2009లో కైరోలో మాట్లాడుతూ ఒబామా, అమెరికాలోని అత్యంత ఎత్తైన భవనాన్ని కట్టింది ముస్లిం అమెరికన్లేనని గుర్తుచేశారు, పేరు మాత్రం చెప్పలేదు. ఇంజినీర్ల విషయంలో ఇది మామూలే. మేడకు ఆర్కిటెక్టు పేరు ఉంటుంది, కట్టించిన కంపెనీ పేరు ఉంటుంది. నిలబెట్టినవాడి పేరు పునాదిలో ఉంటుంది.

మన దగ్గర ఇంజినీరును తలుచుకోవాలంటే నీళ్ళు రావాలి. గోదావరి జిల్లాల రైతు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు విగ్రహాలు పెట్టి దండలు వేస్తాడు. ఆయనా సముద్రం దాటి వచ్చిన ఇంజినీరే. నాగార్జున సాగర్ అంటే కె.ఎల్. రావు, మూసీ వరదలంటే విశ్వేశ్వరయ్య, నిజాం సాగర్ అంటే అలీ నవాజ్ జంగ్ గుర్తొస్తారు. కాలువలో నీళ్ళు పారినప్పుడల్లా పేరు పారుతుంది. యాభయ్యో అంతస్తులో గాలి వీచినప్పుడు ఎవరి పేరూ గుర్తురాదు. గాలికి మేడ కదల్లేదన్న సంగతే తెలియకపోవడం అక్కడి ఇంజినీరు గెలుపు. ఇవాళ హైదరాబాద్‌లో కోకాపేట వైపు యాభై దాటి లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు కొనుక్కునేవాళ్ళు వ్యూ అడుగుతారు, పార్కింగ్ అడుగుతారు. ఆ గోడలు గాలిని ఎలా పంచుకుంటున్నాయో ఎవరూ అడగరు, అడగక్కర్లేదు కూడా.

కోల్‌కతాలోనూ మేడలు పెరిగాయి. చౌరంగీ మీద ‘ది 42’ అనే అరవై అయిదు అంతస్తుల భవనం నగరంలో అన్నిటికన్నా ఎత్తైనదిగా నిలబడి ఉంది. శిబ్‌పూర్ కాలేజీ తన పూర్వ విద్యార్థుల్లో ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ పేరు చెప్పుకుంటుంది, పట్టా ఇవ్వకపోయినా. ప్రాంగణం పక్క తోటలో ఆ మర్రి ఇంకా ఊడలు దించుతూనే ఉంది. ఆ తోటకు వెళ్ళేవాళ్ళు మధ్యలో మాను ఉండాల్సిన ఖాళీ చోటును వెతుక్కుంటూ తిరుగుతారు.